ఎడమ చేతిలో దారం

నరసాపురంతో రైలు పట్టాలు అయిపోతాయి. ఆపైన వశిష్ఠ గోదావరి, పంటు ఎక్కి దాటితే సఖినేటిపల్లి, ఇంకా కిందికి వెళితే అంతర్వేది దగ్గర సముద్రం. లింగంపల్లి నుంచి వచ్చే రాత్రి బండికి అదే ఆఖరి స్టేషను కాబట్టి, దిగాల్సిన చోటు దాటిపోతుందన్న బెంగ మా వాళ్ళకి ఉండదు. హాయిగా నిద్రపోతారు. ఆ రాత్రి నాకు నిద్ర వచ్చే దారి లేదు. అమ్మకి పక్షవాతం వచ్చి ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ అక్కడే ఉండి, సెలవు అయిపోయి హైదరాబాదు తిరిగి వచ్చాను. వచ్చిన కొద్ది రోజులకే వదిన ఫోను చేసింది. "అత్తయ్యని ఇంటికి తెచ్చేశాం. అమెరికా నుంచి తమ్ముడు కూడా బయల్దేరాడు. మాట్లాడాల్సినవి ఉన్నాయంటున్నారు మీ అన్నయ్య. నువ్వు కూడా ఉంటే బాగుంటుంది" అంది. మాట్లాడాల్సినవి అంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. ఇద్దరం పైకి అనలేదు.

బట్టల మధ్య లేసు సూది, నలభై నంబరు తెల్లదారం ఉండ పెట్టుకున్నాను. మా వైపు ఆడపిల్లకి లేసు అల్లడం ఎవరూ ప్రత్యేకంగా కూచోబెట్టి నేర్పరు. అరుగు మీద అమ్మ, పిన్ని, పక్కింటి అత్త కూచుని అల్లుతుంటే మధ్యలో కూచున్న పిల్ల చేతికి ఓ ముక్క దారం వస్తుంది, గొలుసు వేయడం వచ్చేస్తుంది. చదువు, ఉద్యోగం, పెళ్ళి, ఇవేవీ నా చేతిలోంచి ఆ పనిని తీసెయ్యలేదు. బండి సికింద్రాబాదు వదిలాక, పక్క బెర్తుల్లో దీపాలు ఆరిపోయాక, తలవైపు చిన్న లైటు వేసుకుని ఓ పువ్వు మొదలుపెట్టాను.

ఎదురు బెర్తులో ఓ పెద్దావిడ. లైటు తీసెయ్యమంటుందేమో అనుకున్నాను. లేచి కూచుని నా చేతుల వైపు చూసింది.

"లేసా అమ్మా? నరసాపురం వైపేనా మీది?"

"ఆయ్. మీదండీ?"

"ఆకివీడు. మా చెల్లెల్ని మీ వైపు ఇచ్చాం. కళ్ళు పనిచేసినన్నాళ్ళూ అల్లింది." కాసేపు ఊరుకుని, "ఇంట్లో ఎవరికన్నా బాగోలేదా?" అంది.

ఎలా తెలిసిందని అడిగాను.

"దారం ఎంత బిగించేస్తున్నావో చూసుకున్నావా? ఆ పువ్వు పరిస్తే పరుచుకోదు, గిన్నెలా లేస్తుంది."

నిజమే. మనసు బిగుసుకుంటే ముందు తెలిసేది లేసులోనే. కుట్టు కుట్టుకీ సూది దూరడం కష్టమవుతుంది, అంచు ముడుచుకుంటుంది. ఆవిడ పడుకున్నాక ఆ పువ్వు విప్పేసి, ఊపిరి వదిలినప్పుడల్లా దారం కాస్త వదులుతూ మళ్ళీ మొదలుపెట్టాను. మనసుని వదులు చేసుకోవడం నాకు రాలేదు. వేళ్ళని చేసుకోగలిగాను. గుంటూరు దాటేసరికి భుజాలు కూడా కిందికి దిగాయి.

గుడివాడ తర్వాత తెల్లవారింది. కైకలూరు, ఆకివీడు, ఉండి: పట్టాలకి రెండు వైపులా చెరువులే. రొయ్యల చెరువుల్లో ఏరియేటర్లు నీళ్ళు చిమ్ముతూ తిరుగుతున్నాయి. అన్నయ్య అప్పులన్నీ అలాంటి చెరువుల మీదే. తెల్లమచ్చ వైరసు సోకిందంటే పంట మొత్తం రోజుల్లో పోతుంది. ఆ చెరువుల వల్ల బాగుపడ్డవాళ్ళు భీమవరంలో మేడలు కట్టారు, మునిగినవాళ్ళు పొలాలు అమ్మారు. అమ్మకి పుట్టింటివాళ్ళు పసుపుకుంకుమల కింద ఇచ్చిన ఎకరం మా ఇంట్లో మాటకి రావడానికి కారణం అదే. వీరవాసరం, పాలకొల్లు దాటి బండి నరసాపురంలో ఆగింది.

మా ఊరికి ఆటోలో వెళ్ళే దారిలో లేసు గోడౌన్లు ఉంటాయి. బయట నుంచి చూస్తే మామూలు డాబాలే. లోపల ఇస్త్రీ చేసి, మడతపెట్టి, కట్టలు కట్టిన టేబుల్ క్లాతులు, దుప్పట్లు, బ్లౌజుల అంచులు విదేశాలకి పోవడానికి సిద్ధంగా ఉంటాయి. ఈ పని మా ఊళ్ళకి మిషనరీల వల్ల వచ్చింది. 1844 ప్రాంతంలో మెక్రే అనే దంపతులు నేర్పారని చెబుతారు. తరతరాలుగా గోదావరి డెల్టాలో ఇళ్ళల్లో కూచున్న ఆడవాళ్ళు అల్లింది ఐరోపా వాళ్ళ బల్లల మీద పరుచుకుంటోంది. 2024లో నరసాపురం క్రోషె లేసుకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ గుర్తింపు వార్త వచ్చిన రోజు అమ్మ నాకు ఫోను చేసి, "మన లేసుకి ఏదో పేరొచ్చిందంట, రేటు పెరుగుతుందంటావా?" అని అడిగింది. అప్పటికి ఆమె మాటలు బాగానే ఉన్నాయి.

ఇప్పుడు అమ్మకి ఉన్న మాట ఒక్కటే: "అదే". నీళ్ళు కావాలన్నా అదే, వద్దన్నా అదే, నన్ను చూడగానే ఏడుస్తూ అన్నదీ అదే. మెదడులో ఎడమ వైపు గడ్డ కట్టింది కాబట్టి కుడి కాలు, కుడి చెయ్యి, మాట మూడూ దెబ్బతిన్నాయి. గడ్డ కరిగించే ఇంజెక్షను నాలుగున్నర గంటల లోపల పడాలంటారు. అమ్మ తెల్లవారుజామున లేవబోతే అప్పటికే చెయ్యి పడిపోయి ఉంది. నిద్రలో ఎప్పుడు మొదలైందో చెప్పగలిగేవాళ్ళు లేరు కాబట్టి ఆ ఇంజెక్షను ఇవ్వలేకపోయారు. తలనొప్పి తగ్గింది కదా అని బీపీ మాత్రలు మానేసిన సంగతి ఆ తర్వాత బయటపడింది. ఇది చదివేవాళ్ళ ఇంట్లో అలా మానేసినవాళ్ళు ఎవరైనా ఉంటే ఈ పూటే మొదలుపెట్టించండి. తలనొప్పికీ బీపీకీ లెక్క కుదరదు.

ముందు గదిలో మంచం, దాని మీద గాలి పరుపు. రెండు గంటలకోసారి పక్కకి తిప్పకపోతే ఒళ్ళు పుండ్లు పడుతుంది. అందుకు వదిన ఫోనులో అలారం పెట్టుకుంది. రాత్రి పన్నెండుకి, రెండుకి, నాలుక్కి కూడా అది మోగుతుంది. అన్నం మెత్తగా పిసికి, అమ్మని నిటారుగా కూచోబెట్టి, గడ్డం కాస్త కిందికి దించి, ఒక్కో చెంచా మింగిందో లేదో చూసి రెండోది పెట్టాలి. లేకపోతే పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒక్క పూట తిండికి ముప్పావు గంట. నేను వెళ్ళిన పూట చెంచా నా చేతికి ఇచ్చి వదిన స్నానానికి వెళ్ళింది. అంత సేపు స్నానం చేసి చాలా రోజులైందని వచ్చాక అంది.

తమ్ముడు మర్నాడు దిగాడు. ఇంటికి చుట్టాలు రావడం మొదలైంది. బత్తాయిలు, హార్లిక్సు సీసాలు తెచ్చి బల్ల మీద పెట్టి, మంచం పక్కనే కుర్చీలు వేసుకుని కూచునేవాళ్ళు. చూడ్డానికి రావడం మన మర్యాద, దాన్ని తప్పుపట్టను. కానీ మంచంలో మనిషి వింటోందన్న ధ్యాస లేకుండా మాట్లాడ్డం నాకు భరించరానిది. "ఇంక లేచి తిరిగేది ఏముందిలే." "మా తోడికోడలు ఇలాగే మూడేళ్ళు తీసుకుంది." మాట పోవడం అంటే తెలివి పోవడం కాదని డాక్టరు స్పష్టంగా చెప్పారు. అమ్మకి అన్నీ అర్థమవుతున్నాయి. ఆమె కళ్ళు గోడ వైపుకి తిరిగిపోవడం నాకు కనిపిస్తోంది.

అప్పుడు నా లేసు పనికొచ్చింది. మంచానికి కుడి పక్కన స్టూలు వేసుకుని కూచునేదాన్ని. ఆ పక్క కూచోమని ఫిజియోథెరపీ చేసే అమ్మాయే చెప్పింది. పడిపోయిన వైపు నుంచి పలకరిస్తే మనిషి ఆ వైపుకి తిరగడానికి ప్రయత్నిస్తుందట. ఎవరైనా అలాంటి మాట మొదలుపెట్టగానే అల్లుతున్న ముక్క ఎత్తి, "అమ్మా, ఇక్కడ గొలుసు అయిదా, ఆరా?" అని అడిగేదాన్ని. అమ్మ తల తిప్పి చూసి, ఎడమ చేతి వేళ్ళు అయిదూ చాపేది. చుట్టాలు మాట మధ్యలో ఆపేసి అమ్మ చేతి వైపు చూసేవాళ్ళు. ఆ తర్వాత కొందరు నన్ను వదిలి అమ్మనే పలకరించారు. "ఏం వదినా, నన్ను గుర్తుపట్టావా?" అని అడిగిన మా మేనత్తకి అమ్మ "అదే" అని నవ్వింది. ఎడమ వైపు మాత్రమే నవ్వింది.

వంటింటి అటక కింద అమ్మ ట్రంకుపెట్టె ఉంది. అందులో గుడ్డలో చుట్టి, అల్లడం అయిపోయిన పువ్వుల కట్ట కనిపించింది. అది టేబుల్ క్లాతు ఆర్డరు. మా వైపు పని ముక్కలు ముక్కలుగా పంచుకుంటారు. కొందరు పువ్వులే అల్లుతారు, కొందరు వాటిని ఒకదానికొకటి అతుకుతారు, అంచు ఇంకొకరు. ఏ ఒక్కరికీ మొత్తం వస్తువు చేతికి రాదు, అది ఎంతకి అమ్ముడైందో కూడా తెలియదు. అమ్మకి మూడు పనులూ వచ్చు కాబట్టి ఏజెంటు ఆమెకి పూర్తి బట్ట ఇచ్చేవాడు. పువ్వులు అయ్యాయి. అతకడం సగంలో ఆగింది. ఆ సగం దగ్గర సూది ఇంకా దారానికి వేలాడుతోంది.

ఏజెంటుకి ఫోను చేస్తే, సరుకు ఓడకెక్కే గడువు దగ్గర పడిందన్నాడు. "మీరు తొందరపడకండమ్మా, వేరేవాళ్ళతో అతికిస్తాను" అన్నాడు మర్యాదగానే. నేను ఒప్పుకోలేదు. పూర్తి చేసి తెస్తామన్నాను.

అమ్మని దిండ్ల ఆనింపుతో కూచోబెట్టి ఆ బట్ట ఒళ్ళో పరిచాను. చాలా సేపు ఏమీ చెయ్యలేదామె. తర్వాత కుడి చేతి వైపు చూసుకుంది. ఆ చెయ్యి ఒళ్ళో ఎలా పెడితే అలా పడి ఉంది. లేసు అల్లేటప్పుడు అందరూ చూసేది సూది పట్టిన కుడి చేతినే. పని తెలిసినవాళ్ళకి ఎడమ చెయ్యి ముఖ్యం. దారం చిటికెన వేలికి ఓ చుట్టు తిరిగి, మధ్య వేళ్ళ కింద నుంచి వచ్చి, చూపుడు వేలి మీదుగా సూదికి అందుతుంది. ఎంత దారం వదలాలి, ఎక్కడ ఆపాలి అన్నది ఆ చూపుడు వేలు చూసుకుంటుంది. లేసు సమంగా రావడం, మెత్తగా రావడం అక్కడే తేలుతుంది. ఎవరి లేసు ఎవరిదో ఆ బిగింపుని బట్టే గుర్తుపట్టొచ్చు.

దారం కొస తీసి అమ్మ ఎడమ చేతిలో పెట్టాను. ఎవరూ చెప్పకుండానే చిటికెన వేలు ముడుచుకుంది, దారం దాని చుట్టూ తిరిగింది, చూపుడు వేలు లేచి నిలబడింది. నేను ఒళ్ళు ఆనేంత దగ్గరగా, ఆమె కుడి పక్కకి జరిగి, సూది నా కుడి చేత్తో పట్టుకున్నాను. బట్ట నా ఎడమ చేతిలో. ఆమె దారం వదులుతోంది, నేను లాగి కుట్టు వేస్తున్నాను. మొదటి కొన్ని కుట్లు అడ్డదిడ్డంగా పడ్డాయి. నేను తొందరపడి లాగితే అమ్మ వేలు మూసి ఆపేసేది. "అదే, అదే" అని కోప్పడేది. కోపం అని నాకు బాగానే తెలిసింది. నలభై ఏళ్ళుగా వింటున్న గొంతు అది. కొంత సేపటికి ఆమె వదిలే వేగానికి నా సూది కుదురుకుంది. ఆ మధ్యాహ్నం మేమిద్దరం కలిసి ఓ వరసలో సగం అతికాం. ఫిజియోథెరపీ అమ్మాయి సాయంత్రం వచ్చి చూసి, రోజూ చెయ్యండంది. దెబ్బ తగిలిన తొలి నెలల్లోనే శరీరం ఎక్కువగా కోలుకుంటుంది, ఇష్టమైన పనైతే మనిషి అలిసిపోయినా వదలదు అని చెప్పింది. ఆ అమ్మాయి చెప్పకపోయినా మేం మానేవాళ్ళం కాదు.

"మాట్లాడాల్సినవి" ఆ రాత్రి భోజనాలయ్యాక మొదలయ్యాయి. అమ్మ మంచానికి దూరంగా, వెనక వసారాలో. ఎకరం సంగతి అన్నయ్య ఎత్తాడు. అమ్మ వేలిముద్ర వేయగలిగిన స్థితిలో ఉండగానే రిజిస్ట్రేషను అయిపోతే మంచిదని ఎవరో సలహా ఇచ్చారట. అది జరగదని నేను చెప్పాను. అర్థమై అవునని చెప్పే దారి ఆమెకి దొరికేదాకా ఆ కాగితం ఇంట్లోకి రాకూడదన్నాను. అక్కడ గొంతులు లేచాయి. ఆ గొడవ వివరాలు ఇక్కడ అక్కర్లేదు, అలాంటివి అన్ని ఇళ్ళల్లో ఒకే మాటల్లో జరుగుతాయి. నేను ఒళ్ళో బట్ట పెట్టుకుని పువ్వులు అతుకుతూనే ఉన్నాను. గొలుసు అయిదు, ఎదుటి పువ్వు రేకులో కుట్టు, మళ్ళీ గొలుసు అయిదు. లెక్క తప్పితే విప్పాలి కాబట్టి, నోటికి వచ్చిన మాట బయటికి రావడానికి అయిదు గొలుసుల వ్యవధి ఉండేది. ఆ వ్యవధిలో కొన్ని మాటలు అనకుండా ఆగిపోయాయి. అనాల్సినవి నిదానంగా బయటికి వచ్చాయి.

తర్వాత అమ్మని ఎవరు చూసుకోవాలన్నది వచ్చింది. తమ్ముడు డబ్బెంతైనా పంపుతానన్నాడు, రాజమండ్రిలోనో విశాఖలోనో ఏదైనా మంచి సెంటరులో పెడదామన్నాడు. వాడి మనసులో ప్రేమ లేక కాదు, సముద్రం అవతల ఉన్నవాడికి డబ్బు రూపంలో తప్ప చెయ్యడానికి వేరే దారి లేదు. అన్నయ్య ఒప్పుకోలేదు. "ఊళ్ళో తలెత్తుకు తిరగాలి కదా. అయినా ఇంట్లో మీ వదిన ఉంటుందిగా" అన్నాడు. నాన్న తలూపాడు. "ఆడవాళ్ళు ఇంట్లో ఉండేదేగా. మీ అమ్మా అంతే, ఖాళీ టైములో లేసు అల్లుకుంటూ అందర్నీ చూసుకుంది."

నేను ఈ ఇంటి నుంచి వెళ్ళి చాలా ఏళ్ళయ్యాక మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త రాసిన పుస్తకం ఒకటి చదివాను. 1970ల చివర్లో ఆమె మా ఊళ్ళ చుట్టూ తిరిగి, అరుగుల మీద ఆడవాళ్ళతో కూచుని, 1982లో 'ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' అని వేసింది. ఆమె చూపించింది ఇది: వీళ్ళు గంటల తరబడి ప్రపంచ మార్కెట్టు కోసం సరుకు తయారుచేస్తున్నారు. కానీ ఊరూ, వ్యాపారీ, ప్రభుత్వం, చివరికి వాళ్ళు కూడా వాళ్ళని కూలీలు అనరు. ఇంట్లో ఖాళీగా కూచున్న గృహిణులు అంటారు. ఖాళీగా ఉన్నవాళ్ళకి ఎంత ఇచ్చినా ఎక్కువే అన్న లెక్క మీదే పొలం కూలీ కంటే తక్కువ ఇచ్చి ఆ వ్యాపారం నిలబడింది. చదువుతున్నప్పుడు అమ్మ గుర్తొచ్చింది. పాలిటెక్నిక్‌లో నా ఫీజు లేసు డబ్బుతో కట్టింది ఆమే. ఇంట్లో మొదటి ఫ్రిజ్ కూడా లేసు డబ్బుదే. నాన్న పంట పోయిన ఏడు ఉప్పూ పప్పూ కూడా అదే. వెనక వసారాలో నాన్న మాట వింటుంటే, ఆ లెక్క ఇప్పుడు వదినకి బదిలీ అవుతోందని అర్థమైంది. ఇంట్లోనే ఉంటుంది కదా. రెండింటికి, నాలుగింటికి మోగే అలారం ఖాళీ టైము కిందకే వస్తుంది కదా.

తమ్ముడి ల్యాప్‌టాప్ బ్యాగులోంచి ఓ కాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టాను. పొద్దున్న ఒళ్ళు తుడవడం, పక్క గుడ్డలు, మాత్రలు, తిండి మూడు పూటలా ముప్పావు గంట చొప్పున, వ్యాయామం, పక్కకి తిప్పడాలు, డైపర్లు, చుట్టాలకి టీలు, నాన్నకి వేరే పథ్యం, అన్నయ్య చెరువు కూలీలకి అన్నం. వదినని పిలిచి ఇంకేమైనా వదిలేశానా అని అడిగాను. ఆమె తలుపు దగ్గరే నిలబడి, "నా గురించి గొడవలొద్దమ్మా" అంది. కాగితం చేతికి ఇస్తే మాత్రం చూసి, "అత్తయ్య గోళ్ళు తియ్యడం, తల దువ్వడం రాయలేదు" అంది. రాశాను. తమ్ముడు ఆ కాగితం చాలా సేపు చూశాడు. వాడి ఆఫీసులో ఇంత పనికి ఇద్దర్ని పెడతారన్నాడు.

ఆ రాత్రి అన్నీ తేలలేదు. అన్నయ్య మధ్యలో లేచి చెరువు దగ్గరికి వెళ్ళిపోయాడు. వాడి కష్టం వాడిది, అప్పు ఇచ్చినవాళ్ళు ఆగరు. ఎకరం సంగతి ఇంకా అలాగే ఉంది. తేలింది ఇంత: పగటి పూట సాయానికి ఊళ్ళోనే ఓ మనిషిని జీతానికి పెట్టాం. తమ్ముడూ నేనూ నెలనెలా పంపేది వదిన పేరు మీద ఉన్న ఖాతాకే వెళ్తుంది. అది ఇంటి ఖర్చు కాదు, ఆమె పనికి ఇచ్చేది. "కోడలికి జీతమేంటి, నలుగురూ నవ్వరూ?" అని వదినే ముందు అభ్యంతరం చెప్పింది. నవ్వితే నవ్వనీ అన్నాడు తమ్ముడు. వాడు నా పక్షాన నిలబడిన సందర్భాలు తక్కువ. ఇది వాటిలో ఒకటని రాసుకోవాలని ఉంది.

తర్వాతి మధ్యాహ్నాలన్నీ అమ్మ ఎడమ చెయ్యి, నా కుడి చెయ్యి. నేను లేనప్పుడు వదిన కుడి చెయ్యి. తమ్ముడు ఒక రోజు ఫోనులో వీడియో తీస్తూ కూచుని, తర్వాత ఫోను పక్కన పెట్టి దారం ఉండ విప్పుతూ కూచున్నాడు. అమ్మ వాడి తల మీద దారం పట్టుకున్న చేత్తోనే మొట్టింది. చిన్నప్పుడు ఉండ చిక్కు చేస్తే అలాగే మొట్టేది. అంచు మొత్తం వదిన అల్లింది, అది ఆమెకి అమ్మే నేర్పింది.

అన్నయ్యని, నాన్నని అమ్మ దగ్గర కూచోబెట్టి, వదినా నేనూ ఆటోలో నరసాపురం వెళ్ళాం. ఏజెంటు బట్టని బల్ల మీద పరిచి, అరచేత్తో నిమిరి, ఒకచోట ఆగాడు. "ఇక్కడ నుంచి ఓ పది అంగుళాలు చెయ్యి మారిందండి. తర్వాత మళ్ళీ అమ్మగారి చెయ్యే వచ్చింది." నేనూ వదినా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆయన ఇంకేం అడక్కుండా డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు. అమ్మ పువ్వులకి ఎన్ని మధ్యాహ్నాలు పట్టాయో నాకు తెలియదు కానీ, ఆ డబ్బు అమ్మ గాలి పరుపు ఖరీదుకి కూడా చాలదు.

కొత్త ఆర్డరు ఉందన్నాడాయన. గుండ్రటి బట్టలు, సన్న దారం. మీరు తీసుకుంటారా అని దారం కట్ట బల్ల మీద వదిన వైపు జరిపాడు. వదిన ఆ కట్టని ముట్టుకోలేదు.

"ముందు రేటు చెప్పండి. బట్టకి ఎన్ని గంటలు పడుతుందో నేనూ చెప్తాను. కుదిరితే అప్పుడు దారం తీసుకుంటాను" అంది.

ఏజెంటు కుర్చీ జరిపి వదినని కూచోమన్నాడు. ఇద్దరూ లెక్క మొదలుపెట్టారు.